తడి కనిపించని పెట్రోల్ వాసనకు ఆర్‌9 హోస్: ఏళ్లపాటు వాడాక

పాత ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) కారులో మామూలు రబ్బరు పెట్రోల్ పైపులు తీసేసి, వాహన భాగాలకు ప్రమాణాలు పెట్టే ఎస్‌ఏఈ సంస్థ లెక్కలో 30ఆర్‌9 గ్రేడ్ హోస్ (పెట్రోల్ ఆవిరిని చాలా తక్కువగా వదిలే పైపు) వేసి ఏళ్లు గడిచాయి. మే నెల ఎండలో రోజంతా నిలబెట్టినా బండిలో మళ్లీ వాసన రాలేదు. పైపు బిరుసెక్కలేదు, చివర్లు పగలలేదు. పెట్టిన డబ్బుకు తగిన సరుకే. అయితే ఇది ఒక్క రకం వాసనకే మందు. వాసన ఎక్కడిదో తేల్చుకోకుండా కొంటే డబ్బు ఖర్చవుతుంది, వాసన మాత్రం అలాగే ఉంటుంది.

ముందు గమనించాల్సింది వాసన ఎప్పుడు వస్తోందని. ట్యాంకు నింపిన రోజున గుప్పుమని, సగానికి దిగేసరికి తగ్గిపోతుంటే ఇంజిన్ వైపు వెతకక్కర్లేదు. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే పంపు మూత కనిపిస్తుంది. దాని గాస్కెట్, పెట్రోల్ పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు, ట్యాంకు మూత రింగు చూడాలి. పంపు మూత ఒకసారి విప్పితే పాత గాస్కెట్ తిరిగి వేయకూడదు. అది పెట్రోల్‌కు ఉబ్బి ఉంటుంది, గాడిలో మళ్లీ సరిగా కూర్చోదు. దాన్నే బలవంతంగా నొక్కి బిగించడం వల్ల బాగుచేయించిన వారానికే వాసన మళ్లీ మొదలవుతుంది.

బంకులో గన్ దానంతటదే ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అదీ వాసనకు కారణమే. చార్‌కోల్ క్యానిస్టర్ (బొగ్గు నింపిన డబ్బా) ఉన్నది ట్యాంకులోని ఆవిరి పట్టుకోవడానికి. గొంతు దాకా నింపితే పెట్రోలే దాంట్లోకి పోయి బొగ్గు తడుస్తుంది. పెట్రోల్ పోయించిన వెంటనే ఇంజిన్ మొరాయించడం దాని గుర్తు. గన్ ఆగిన చోటే ఆపేస్తూ వస్తే కొంత తడిసిన క్యానిస్టర్ మెల్లగా ఆరుతుంది. పూర్తిగా నానిపోతే మార్చాల్సిందే.

వేడి ఇంజిన్ ఆపిన కాసేపటికి బానెట్ దగ్గర వాసన వస్తే ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టం), ఇంజెక్టర్ ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) చూడాలి. ఇంజిన్ చల్లారాక స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెడితే పంపు ఒకటి రెండు సెకన్లు తిరిగి ప్రెషర్ ఎక్కిస్తుంది. ఇలా మూడు నాలుగుసార్లు చేసి, ప్రతి జాయింటు కింద తెల్లటి టిష్యూ ఒత్తి చూడాలి. చెమ్మ తగిలితే చోటు దొరికినట్టే. ప్రెషర్ రెగ్యులేటర్ రైలు మీదే ఉన్న బండ్లలో దాని వాక్యూమ్ పైపు ఊడదీయండి. లోపల పెట్రోల్ తడి ఉందంటే డయాఫ్రం చిరిగింది, రెగ్యులేటరే మార్చాలి.

ఇవన్నీ చూసినా ఎక్కడా తడి లేదు, వాసన మాత్రం ఉంది. ఆర్‌9 పనికొచ్చేది ఇక్కడే. రబ్బరు పైపు చిల్లు పడకుండానే గోడలోంచి ఆవిరి వదులుతుంది. పరీక్ష ఇంధనంతో చూసినప్పుడు మామూలు రకమైన ఆర్‌7 పైపు రోజుకు చదరపు మీటరుకు 550 గ్రాముల దాకా వదలవచ్చని ప్రమాణం అనుమతిస్తుంది, ఆర్‌9కి ఆ హద్దు 15 గ్రాములే. తేడా అంతా లోపలి ఫ్లోరో రబ్బరు పొరది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత పైపుల్లోని నైట్రైల్ రబ్బరు దానికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆరినప్పుడు పగులుతుంది. ఈ పెట్రోల్‌ను తట్టుకునే భాగాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది, అందుకే అంతకు ముందు తయారైన బండ్లవాళ్లు పైపులను ఏటా ఒకసారి వంచి చూసుకోవడం మంచిది.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పైపు మీటరు లెక్కన కోసి ఇస్తారు. ఒంటి మీద ఒట్టి ‘ఫ్యూయల్’ అని ఉన్నది తీసుకోవద్దు. 30ఆర్‌9 అన్న ముద్ర పొడవునా మళ్లీ మళ్లీ కనిపించాలి. కోసిన ముఖం చూస్తే చాలా రకాల్లో లోపల పలచగా వేరే రంగు పొర తెలుస్తుంది. సైజు అంచనాతో కొనకండి, పాత ముక్క తీసుకెళ్లండి. 8 మి.మీ. గొట్టానికి 6 మి.మీ. పైపు బలవంతంగా ఎక్కిస్తే ఆ లోపలి పొర చిరుగుతుంది. అప్పుడు పెట్రోల్ పొరల మధ్యకు దూరి పైపు బుడగలా ఉబ్బుతుంది.

బిగించే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి అదే ఆగిపోయేదాకా నడవనివ్వాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. అప్పటికీ మూడు బార్ల ప్రెషర్‌లో కొంత మిగిలే ఉంటుంది కాబట్టి జాయింటు మీద గుడ్డ కప్పి విప్పండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. అందుకే షెడ్డులో పిట్ మీద ఈ పని అసలు చేయించకండి. బయట ఆరుబయట, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ పక్కన ఉంచుకుని చేయాలి. పైపును గొట్టం మీద అంగుళం దాకా ఎక్కించి, క్లిప్పును గొట్టం బుడిపె దాటాక బిగించాలి. చిల్లుల పట్టీ ఉన్న మామూలు క్లిప్పులు రబ్బరును కోస్తాయి. అంచులు మడిచిన ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లిప్పులే వాడాలి.

లోపాలూ ఉన్నాయి. ఆర్‌9 బిరుసుగా ఉంటుంది. ఇరుకు మలుపులో నలిగి పెట్రోల్ దారి మూసుకుపోతుంది, అలాంటి చోట కంపెనీ అచ్చు పైపే వేయాలి. క్లిక్‌మని పట్టే ప్లాస్టిక్ కనెక్టర్లున్న కొత్త బండ్లకు ఇది కుదరదు. ఎలుకలు దీన్ని కూడా కొరుకుతాయి. ట్యాంకు లోపల పంపు దగ్గర మాత్రం వేయకూడదు, బయటి రబ్బరు పెట్రోల్‌లో మునిగి ఉండటానికి చేసింది కాదు. అక్కడికి ఆర్‌10 అడగండి.