పట్‌అవుట్ ట్రైనర్: మూడడుగుల పట్ దగ్గర వణికేవాళ్ళకి

గోల్ఫ్‌లో టీ షాట్, అంటే మొదటి దెబ్బ, బాగా కొట్టి, రెండో షాట్‌కే బంతిని గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద దింపి, తీరా మూడడుగుల పట్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బ) దగ్గరికొచ్చేసరికి చేతులు బిగుసుకుపోయే బాపతు మనలో చాలామందే ఉన్నారు. ఈ రివ్యూ వాళ్ళ కోసం. పట్‌అవుట్ అనే బ్రిటన్ కంపెనీ అమ్మే ప్రెషర్ పట్ ట్రైనర్ చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. వంపు తిరిగిన చిన్న ర్యాంప్, దాని మధ్యలో బంతి ఆగేంత గుంట, అంతే. మోటారు లేదు, బ్యాటరీ లేదు, మడిచి బ్యాగ్‌లో పడేసుకోవచ్చు.

పనితనమంతా ఆ వంపులోనే ఉంది. బంతి సరైన లైన్‌లో వెళ్తే ర్యాంప్ ఎక్కి వెనక్కి దొర్లుతుంది. ఎంత దూరం వెనక్కొస్తే, గ్రీన్ మీద రంధ్రం తప్పినప్పుడు సుమారు అంత దూరం దాటిపోయేదని లెక్క. లైన్ తప్పితే తిన్నగా మన దగ్గరికి రాదు. బంతిని తిరిగిచ్చే మామూలు మ్యాట్‌ల మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే, వాటిలో చాలావరకు ఎంత గట్టిగా కొట్టినా కప్పులో పడ్డట్టే లెక్క, దాంతో ఇంట్లో మనమే ఛాంపియన్, ఆదివారం కోర్సుకి వెళ్ళాక అదే పట్ అంచు తాకి బయటికి పోతుంది. రంధ్రం వెడల్పు 4.25 అంగుళాలే అయినా బంతి వేగం పెరిగేకొద్దీ అది ఇంకా చిన్నదైపోయినట్టే మరి. తప్పితే 17 అంగుళాలు దాటి ఆగే వేగం మంచిదని పట్టింగ్ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన డేవ్ పెల్జ్ లెక్క కట్టాడు, కాబట్టి బంతి ఒకటిన్నర అడుగు వెనక్కొస్తే చాలు, సంతోషపడండి.

మధ్యలోని గుంట జోలికి మాత్రం కొత్తవాళ్ళు వెళ్ళొద్దు. అందులో బంతి ఆగాలంటే లైనూ వేగమూ రెండూ కచ్చితంగా కుదరాలి, పదే పదే తప్పుతుంటే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

ధైర్యం అంటే ప్రతి పట్ వేసేస్తాననుకోవడం కాదు లెండి. అమెరికాలో పీజీఏ టూర్ ఆడే ప్రొఫెషనల్ ఆటగాళ్ళు మూడడుగుల నుంచి దాదాపు 99 శాతం వేస్తారు, ఎనిమిది అడుగుల నుంచి సగమే. ఈ సంగతి తెలిస్తేనే సగం టెన్షన్ దిగిపోతుంది. అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో, 1991లో చివరి గ్రీన్ మీద యూరప్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ ఆరడుగుల పట్ తప్పాడు, దాంతో యూరప్‌కి కప్పే పోయింది. ఆ మరుసటి వారమే జర్మన్ మాస్టర్స్ టోర్నీ గెలిచాడు! యిప్స్‌తో, అంటే పట్ కొట్టేటప్పుడు చేతులు అదిరిపోయే బాధతో, ఏళ్ళ తరబడి తంటాలు పడ్డ మనిషి, పట్టర్ (పట్ కొట్టే కర్ర) పట్టుకునే తీరు ఎన్నిసార్లు మార్చాడో.

ఈ ట్రైనర్‌ని వాడే తీరు గురించి ఒక్క మాట. వరసగా బంతులు పెట్టుకుని టకటకా కొడితే దండగ. ఒకే బంతి తీసుకోండి, వెనక నిలబడి లైన్ చూసుకోండి, కోర్సులో చేసే ప్రాక్టీస్ స్వింగ్ చేయండి, కొట్టాక పక్కకి జరిగి మళ్ళీ మొదటి నుంచి రండి. ఇంట్లోవాళ్ళతో చిన్న పందెం కాస్తే మరీ మంచిది. గోల్కొండ నయా ఖిలా కోర్సులో బ్యాగ్ మోసే కేడీ చూస్తుండగా, వంద రూపాయల పందెం మీద కొట్టే పట్‌కి డ్రాయింగ్ రూమ్‌లో అంతకంటే దగ్గరి రిహార్సల్ దొరకదు.

దీంతో రానివీ ఉన్నాయి. వాలు చదవడం రాదు, ముప్పై అడుగుల నుంచి బంతిని రంధ్రం దగ్గరికి చేర్చే లాగ్ పట్ రాదు, గడ్డి ఎటు వాలి ఉందో తెలుసుకోవడం అసలే రాదు. నున్నటి టైల్స్ మీద పెడితే వేగం అంచనా పూర్తిగా దెబ్బతింటుంది, అడుగున మంచి మ్యాట్ ఉండాల్సిందే, అంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. మీ గొడవంతా దూరం నుంచి రంధ్రంలో వేయడానికి మూడేసి పట్‌లు పడటమే అయితే ఆ డబ్బు పెట్టి ప్రాక్టీస్ గ్రీన్ మీద కోచ్‌తో ఒక గంట గడపండి. దగ్గరి పట్‌లే మీ సమస్య అయితే కొనుక్కోండి, నాలుగు స్టార్లు.