బిల్లు మీద గోల్డెన్ టోపాజ్, వేలికి సిట్రిన్

గురువారం పొద్దున్నే చూపుడువేలికి పుష్యరాగం పెట్టుకోమని జ్యోతిష్కుడు చెప్పినప్పటి నుంచి మా అత్తయ్యకు నిద్ర లేదు. కనకపుష్యరాగం ధర విన్నాక నాకూ లేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక రత్నాల దుకాణంలో, కారట్ ఆరు వందల చొప్పున, 6.2 కారట్ల పసుపు రంగు రాయి కొన్నాను. బిల్లులో 'గోల్డెన్ టోపాజ్' అని రాశారు. 'పుష్యరాగమేనండీ, కాస్త తక్కువ రకం' అన్నాడు అమ్మిన అబ్బాయి.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ 'తక్కువ రకం' అన్న మాట నాకు మింగుడుపడలేదు. రాయిని ఉంగరంలో పొదిగించక ముందే ఇంట్లో తూచాను. చిన్న డిజిటల్ కాటా మీద 1.24 గ్రాములు. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి, సున్నా చేసి, రాయిని కుట్టుదారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలోకి దించాను. 0.47 చూపించింది, అంటే రాయి పక్కకు నెట్టిన నీళ్ల బరువు. రాయి బరువును దాంతో భాగిస్తే సాంద్రత 2.64 వచ్చింది. నీలం జాతికే చెందిన కనకపుష్యరాగానికి 4 రావాలి, టోపాజ్‌కు మూడున్నర రావాలి. 2.65 క్వార్ట్జ్‌ది, అంటే మన పొలాల గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయిది. స్ఫటికమాలలోని పూసలు, ఊదారంగు అమెథిస్టు, గులాబీ క్వార్ట్జ్ అన్నీ ఆ ఇంటివే. వాటిలో పసుపు పూసుకున్నది సిట్రిన్. ఉత్తరాది వ్యాపారులు సునేలా అంటారు.

భూతద్దంతో చూస్తే గాజులో ఉండే గుండ్రటి బుడగలు లేవు. ఒక పక్కన మాత్రం నారింజ రంగు తిన్నని చారలుగా పరుచుకుంది. అమెథిస్టును నాలుగైదు వందల డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని ఇనుము వల్ల వచ్చిన ఊదా రంగు పోయి ఇలా పసుపు, నారింజ రంగులు వస్తాయి. బజారులో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం ఇలా కాల్చినదే. సహజంగా దొరికేది సాధారణంగా లేత పసుపు. మా రాయి రంగు చూస్తే ఇదీ కాల్చినదే అనిపించింది. అందులో నాకు అభ్యంతరం లేదు. వేడి చేసినా అది రాయే.

నా పేచీ బిల్లుతోనే. మర్నాడు కాగితం మీద లెక్క రాసుకుని వెళ్లాను. 'అందరూ ఇలాగే అంటారు మేడమ్' అన్నారు. క్వార్ట్జ్‌ను టోపాజ్ అనడం ఈ వ్యాపారంలో పాత అలవాటేనని నాకూ తెలుసు. పైగా తెలుగులో టోపాజ్‌నూ, కనకపుష్యరాగాన్నీ పుష్యరాగం అనేస్తాం కాబట్టి ఆ సందులో ఏ రాయైనా దూరిపోతుంది. అరగంట వాదన తర్వాత యజమాని వచ్చి 'సిట్రిన్, వేడి చేసినది' అని కొత్త బిల్లు ఇచ్చాడు. ధర మాత్రం పైసా తగ్గించలేదు.

రాయికి నా మార్కులు అయిదుకు నాలుగు. సానపట్టడం శుభ్రంగా ఉంది. సాయంత్రం దీపం దగ్గర తేనెచుక్కలా వెలుగుతుంది. సాంద్రత తక్కువ కాబట్టి అదే బరువున్న కనకపుష్యరాగం కంటే పెద్దగా కనిపిస్తుంది. ఇది అత్తయ్యకు భలే నచ్చింది. తగ్గించిన ఆ ఒక్క మార్కు గట్టిదనానికి. మోస్ కొలతలో దీనిది 7, కనకపుష్యరాగానిది 9. గాలిలోని దుమ్ములోనూ పలుగురాయి పొడి ఉంటుంది కాబట్టి రోజూ పెట్టుకుంటే మెరుపు తగ్గుతుంది. ఎనిమిది నెలలకే అంచు ఒకచోట మొద్దుబారింది.

దుకాణానికి రెండు మార్కులు, అదీ బిల్లు మార్చినందుకు.

అత్తయ్యకు అంతా చెప్పాను. పలుగురాయి మాట వినగానే ఒక్క క్షణం ముఖం మాడ్చుకుని, 'మా ఊళ్లో వాటితో గోళీలాడేవాళ్లం. ఇది మెరుస్తోందిగా, ఉండనీ అమ్మాయీ' అన్నారు. అంట్లు తోమేటప్పుడు తీసేయమంటే మాత్రం వినరు.