కోర్డోబాలో రెండు రాత్రులు

స్పెయిన్‌లో ఆండలూసియా చూడబోయేవారిలో చాలామంది సెవిల్లేలో బస చేసి, కోర్డోబాను ఒక్క పూటలో చుట్టి వెళ్లిపోతారు. మాడ్రిడ్ నుంచి వేగ రైలులో రెండు గంటలలోపే చేరే ఈ ఊరిలో మేము రెండు రాత్రులు ఉన్నాము. అందువల్లనే ఇక్కడి మసీదు-కేథడ్రల్ అయిన మెస్కితాను రెండుసార్లు చూడగలిగాము.

మొదటిసారి మధ్యాహ్నం టికెట్టు కొని వెళితే యాత్రా బృందాల రద్దీలో నిలబడి చూసే వీలే దొరకలేదు. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు మళ్లీ వెళ్లాము. మేము వెళ్లిన కాలంలో ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో ఆ మొదటి గంట ప్రవేశం ఉచితం, బృందాలకు అనుమతి లేదు. 785 ప్రాంతంలో ఇక్కడి ముస్లిం పాలకుడు మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ ఈ మసీదును మొదలుపెట్టినప్పుడు, పాత రోమన్, విసిగోతిక్ కట్టడాల నుంచి తెచ్చిన స్తంభాలు పొట్టివి కావడంతో, పైకప్పును ఎత్తు చేయడానికి కమాను మీద కమాను నిలిపారట. ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చిన ఆ జంట కమానులు 850కి పైగా స్తంభాల మీద చీకటిలోకి సాగిపోతుంటే మాకు మాట రాలేదు. 10వ శతాబ్దం చివర మంత్రి అల్మన్సూర్ విస్తరించిన భాగంలో మాత్రం ఆ ఎరుపు రంగు పూత మాత్రమే, దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. 1236లో నగరం క్రైస్తవ రాజుల వశమయింది. 1523లో మసీదు నడుమ మొదలుపెట్టిన కేథడ్రల్ ఎంత గొప్ప పనితనమైనా, ఆ స్తంభాల వరుసలను తెంచిన తీరు నాకు బాధ కలిగించింది.

బస పాత యూదుల పేటలో, నడుమ ముంగిలి ఉన్న చిన్న సత్రంలో. కారు దూరని సందులు కావడంతో టాక్సీ దూరాననే దింపేసింది. రాళ్లు పరిచిన దారిలో పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్లడం పెద్దవారికి కష్టమే. అయినా 1315 నాటి యూదు ప్రార్థనా మందిరం, సాయంత్రం రోమన్ వంతెన, అన్నీ నడక దూరంలో ఉండడంతో మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను.

శాకాహారులకు వేయించి చెరకు పాకం పోసిన వంకాయ ముక్కలు మంచి భోజనం. టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లని సల్మొరెహో మీద పంది మాంసం, గుడ్డు చల్లడం ఆనవాయితీ కనుక వద్దని ముందే చెప్పాలి.

రెండవ రోజు ఊరికి పడమర సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని మదీనా అసహరాకు బస్సులో వెళ్లాము. సోమవారం తెరవరు. మ్యూజియం చూశాక అక్కడి నుంచి మరొక చిన్న బస్సు శిథిలాల దగ్గరకు తీసుకువెళుతుంది. 10వ శతాబ్దంలో మూడవ అబ్ద్ అల్ రహ్మాన్ కట్టించిన ఈ రాజనగరం నూరేళ్లయినా నిలవలేదు. అంతర్యుద్ధంలో ధ్వంసమయ్యాక దీని రాళ్లను, స్తంభాలను శతాబ్దాల పాటు వేరే కట్టడాలకు తరలించారు. నీడ తక్కువ, వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మొదటి బస్సుకే వెళ్లడం మేలు.