డచ్‌లో రాసేటప్పుడు 'హెన్' మేలా, 'డీ' మేలా?

నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఆడా మగా అని చెప్పుకోని మనిషి గురించి రాయాలంటే ఏ సర్వనామం వాడాలి? 2016లో అక్కడి ట్రాన్స్‌జెండర్ సంఘం ఓటింగ్ పెడితే 'హెన్' గెలిచింది. చదివేవాళ్ల మెదడు మీద పడే బరువు చూస్తే మాత్రం నేను 'డీ' వైపే.

డచ్‌వాళ్లకు 'హెన్' అంటే 'వాళ్లని'. అది బహువచనం, పైగా కర్మస్థానంలో ఉండే మాట. దాన్ని కర్తను చేసి, పక్కన 'లోప్ట్' ('నడుస్తాడు/నడుస్తుంది') అని ఏకవచన క్రియ పెడితే ఒకేచోట రెండు చిక్కులు. 'వాళ్లని' అంటే హెన్, 'వాళ్లకి' అంటే హున్ అనే తేడాను 17వ శతాబ్దంలో క్రిస్టియాన్ వాన్ హ్యూలె అనే వ్యాకరణవేత్త తెచ్చిపెట్టాడు. ఇప్పటికీ బడిపిల్లలకు అది తలనొప్పే. 'హున్'ని కర్తగా వాడితే టీచర్లు దిద్దుతారు. అలా చదువుకున్నవాళ్లకు కర్తగా 'హెన్' కనిపిస్తే ముందు తప్పనిపించడం సహజం. వాక్యంలో వచనమో లింగమో పొసగకపోతే మెదడులో పీ600 అనే తరంగం లేస్తుందని ఆస్టర్‌హౌట్, మోబ్లీ అనే పరిశోధకులు 1995లోనే ఇంగ్లిష్ వాక్యాలతో చూపించారు. మన 'వారు' ఒక్కరికే వాడినా వెంట 'వచ్చారు' అని క్రియ కూడా మారుతుంది, అందుకే మనం తడబడం. హెన్‌కి ఆ తోడు లేదు.

'డీ' అలా కాదు. దాని అర్థం 'ఆ మనిషి', 'అది' లాంటిది. డచ్‌వాళ్లు రోజూ కర్తగా వాడేదే, ఏకవచన క్రియతో హాయిగా కలుస్తుంది. దానికీ ఒక లోపముంది, చిన్నదేం కాదు. 'యాన్ పీటర్‌ని ఆటకు పిలిచాడు, కానీ డీకి జ్వరం' అన్న తీరు వాక్యంలో పాఠకుడు జ్వరం పీటర్‌కే అనుకుంటాడు. కథంతా ఎవరి గురించో వాళ్లను వదిలేసి, అప్పుడే వచ్చిన రెండోవాళ్ల మీదికి 'డీ' వెళ్తుంది. హెన్ దగ్గర తడబడితే తడబడ్డామని తెలుస్తుంది, ఇక్కడ తెలియకుండానే మనిషి మారిపోతాడు. అయినా దీన్ని రాసేవాళ్లు సరిచేయగలరు: ఇద్దరున్న వాక్యంలో పేరు మళ్లీ రాస్తే చాలు.

స్వీడిష్‌లో ఇదే అవసరానికి వాడే 'హెన్' అనే సర్వనామాన్ని చూపించి అలవాటైపోతుందనేవాళ్లున్నారు. ఆ మాటకు అంతకుముందు వేరే పని లేదు. డచ్ హెన్‌కి ఉంది.

'డే', 'డెమ్' లాంటి కొత్త మాటలు సాధారణ పాఠకులకు తెలియవు. ప్రతిసారీ పేరే రాయడం రెండు మూడు వాక్యాలకు మించి నడవదు.

ఆ మనిషే తనకు 'హెన్' కావాలంటే మాత్రం నేను హెన్ అనే రాస్తాను. ఆ సంగతి మొదటి పేరాలోనే ఒక వాక్యంలో చెప్పేస్తే తర్వాత వచ్చే హెన్‌లు అచ్చుతప్పుల్లా తోచవు.