గ్రేప్స్ ఆఫ్ రాత్ పేపర్‌బ్యాక్ రివ్యూ: బూతులున్నాయని బ్యాన్ చేశారు, మంట మాత్రం కూలి రేటు గురించి

జాన్ స్టైన్‌బెక్ గ్రేప్స్ ఆఫ్ రాత్, పెంగ్విన్ క్లాసిక్స్ పేపర్‌బ్యాక్, రాబర్ట్ డిమాట్ ముందుమాట ఉన్న ఎడిషన్. నవలకి 5 స్టార్లు, నా చేతికొచ్చిన కాపీకి 3. ఆ రెండూ ఎందుకు కోశానంటే పుస్తకాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పడేసి పంపారు, అట్ట మూలలు నలిగిపోయాయి, ఇంత లావు పుస్తకం పంపేటప్పుడు ఒక అట్టముక్క పెట్టాలన్న ఇంగితం ఉండక్కర్లా? పైగా అక్షరాలు చిన్నవి, లోపలి వైపు మార్జిన్ తక్కువ, మధ్య పేజీలకొచ్చేసరికి గట్టిగా విప్పి పట్టుకుంటే గానీ లైను చివర కనపడదు, అలా పట్టుకుంటే బైండింగ్ ఊడుతుందేమో అని భయం.

సరే, ఈ పుస్తకం కొనేవాళ్లలో సగం మంది ఇది బ్యాన్ అయిందంట, తగలబెట్టారంట అని వినే కొంటారు, నేనూ అంతే. అందుకే రివ్యూ కూడా అట్నుంచే రాస్తున్నా, అసలు అందులో ఏముందని అంత గోల చేశారు అని.

కథ తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. 1930ల్లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో కరువు, దుమ్ము తుఫాన్లు, పంటలు పోయాయి, బ్యాంకులు భూములు లాగేసుకుని ట్రాక్టర్లు దింపాయి, కౌలుకి చేసుకునే జోడ్ అనే కుటుంబం ఉన్నదంతా అమ్ముకుని ఒక డొక్కు బండిలో పొట్ట చేతపట్టుకుని రూట్ 66 మీద కాలిఫోర్నియా బయల్దేరుతుంది. అక్కడ తోటల్లో పని దండిగా ఉందని పాంప్లెట్లు పంచారు మరి. వెళ్ళాక ఏమైందన్నదే నవల.

1939 ఏప్రిల్‌లో వచ్చింది ఇది. ఆగస్టు 21న కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సూపర్‌వైజర్ల బోర్డు 4-1 ఓట్లతో తీర్మానం చేసి తమ లైబ్రరీల్లోంచీ స్కూళ్ళలోంచీ తీసేయమంది. ఆ బోర్డులో స్టాన్లీ ఏబెల్ అనే ఆయన దీన్ని ముందుకు తోశాడు. అంతటితో ఆగకుండా సినిమా తీస్తున్న ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్ వాళ్లని కూడా షూటింగ్ ఆపమని అడిగారు! వాళ్లు ఆపలేదు, 1940లో సినిమా వచ్చేసింది. ఇక్కడ సంగతేంటంటే జోడ్ కుటుంబం కొండలు దిగి వచ్చి పడేది ఆ కెర్న్ కౌంటీలోనే, బేకర్స్‌ఫీల్డ్ పక్కనే. వీడ్‌ప్యాచ్ అని నవల్లో ఉండే ప్రభుత్వ క్యాంపు నిజంగానే ఆర్విన్ దగ్గర ఉండేది, దాన్ని నడిపిన టామ్ కాలిన్స్‌కే పుస్తకంలో సగం అంకితం ఇచ్చాడు రచయిత, మిగతా సగం భార్య కేరొల్‌కి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా.

తీర్మానంలో పైకి రాసిందేమో పుస్తకం అబద్ధాల పుట్ట, మా ఆఫీసర్లనీ పోలీసుల్నీ రైతుల్నీ రాక్షసుల్లా చూపించాడు, బూతులున్నాయి అని. వాళ్ల వైపు కూడా కొంచెం ఆలోచించాలి, పదేళ్లలో ఆ కౌంటీ జనాభా సగానికి పైగా పెరిగిపోయింది, స్కూళ్లూ ఆసుపత్రులూ అన్నీ వాళ్లే చూసుకోవాలి, మీదనుంచి దేశమంతా వీళ్లనే తిడుతోంది. కానీ ఆ తీర్మానానికి చప్పట్లు కొట్టిందెవరో చూడండి, అసోసియేటెడ్ ఫార్మర్స్ అనే పెద్ద భూస్వాముల సంఘం. దాని లోకల్ నాయకుడు బిల్ క్యాంప్, పెద్ద పత్తి రైతు. ఆయన దగ్గర పనిచేసే కూలీ ఒకతను బేకర్స్‌ఫీల్డ్‌లో ఈ పుస్తకాన్ని చెత్తడబ్బాలో పడేసి తగలబెడుతుంటే పక్కన బిల్ క్యాంప్ నిలబడి ఉన్న ఫోటో ఉంది. తగలబెట్టేనాటికి ఆ కూలీ పుస్తకం చదవనేలేదు, రేడియోలో దాని గురించి ఏదో విని ఒళ్లు మండిందంట, అంతే. కూలీల గోడు రాసిన పుస్తకాన్ని కూలీ చేతే తగలబెట్టించడం, ఆ ఐడియా ఎవడికొచ్చిందో గానీ.

ఇప్పుడు పుస్తకంలోకి వెళ్దాం. నా లెక్కలో వాళ్లకి నిజంగా గుచ్చుకున్న పేజీలు వేరే ఉన్నాయి. 16వ చాప్టర్లో దారిలో ఒక క్యాంపు దగ్గర చిరిగిన బట్టలతో వెనక్కి తిరిగొస్తున్న ఒకాయన కనపడతాడు. జోడ్ వాళ్ల నాన్న జేబులోంచి ఆ పాంప్లెట్ తీసి చూపిస్తాడు, 800 మంది కావాలని రాసుంది కదా అని. ఆయన లెక్క చెప్తాడు: వాడికి కావాల్సింది 800 మందే, కానీ పాంప్లెట్లు 5 వేలు కొట్టిస్తాడు, దాన్ని 20 వేల మంది చూస్తారు, అందులో రెండు మూడు వేల మంది ఇల్లూ వాకిలీ వదిలేసి బయల్దేరతారు, అందరూ అక్కడికి చేరాక ఎవడు తక్కువకి ఒప్పుకుంటే వాడికి పని. తన ఇద్దరు పిల్లలు పొట్టలు ఉబ్బి ఆకలితో పోయారనీ, సర్టిఫికెట్ మీద మాత్రం గుండె ఆగి చనిపోయారని రాశారనీ చెప్పి వెళ్లిపోతాడు. ఈ ఒక్క సీను కోసం పుస్తకం కొనొచ్చు. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట వలసపోయిన వాళ్లెవరైనా మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే ఈ లెక్క మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకోటి, 22వ చాప్టర్. థామస్ అని ఒక చిన్న రైతు, మంచోడు, గంటకి 30 సెంట్లు ఇస్తున్నవాడు ఒక పొద్దున వచ్చి తలొంచుకుని ఇవాళ్టి నుంచి 25 అంటాడు. ఎందుకంటే రైతుల సంఘం అలా తేల్చింది, ఆ సంఘాన్ని ఆడించేది బ్యాంకు, కాదంటే వచ్చే ఏడు ఈయనకి పంట అప్పు పుట్టదు. అదే చాప్టర్లో కమ్యూనిస్టంటే ఎవడ్రా అని ఒక కూలీ అడిగితే, మనం 25 ఇస్తున్నప్పుడు 30 అడిగే ప్రతి వెధవా కమ్యూనిస్టే అని ఓనరు చెప్పాడని ఒక జోకు. ఆ తర్వాత పీచ్ తోట సీను, పెట్టెకి 5 సెంట్లని వీళ్లని లోపలికి పంపుతారు, బయట జనం గోల చేస్తుంటారు, వాళ్లు రెండున్నర సెంట్లకైతే పనిచేయం అని సమ్మెలో ఉన్నవాళ్లని రాత్రికి గానీ తెలియదు, సమ్మె విరగ్గొట్టగానే వీళ్లకీ రెండున్నరే. మెకానిజం అంతా విప్పి బల్ల మీద పెట్టాడండీ, పేర్లు మార్చాడు గానీ రేట్లు కాదు. 1936లోనే శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్ పేపర్‌కి ఈ క్యాంపుల మీద వరస కథనాలు రాసిన మనిషి, ఊహించి రాసింది కాదు. దీన్ని ఓనర్లు ఎలా ఒప్పుకుంటారు? కూలి రేటు గురించి రాశాడని బ్యాన్ చేస్తే నవ్వుతారు కాబట్టి బూతులు ఎత్తుకున్నారు.

అలాగని బూతులు లేవని కాదు, ఉన్నాయి, పల్లెటూరి జనం మాట్లాడుకునేదే ఉంది. బఫెలో లైబ్రరీ వాళ్లు అసభ్య పదాలున్నాయనే కొనలేదు. కేన్సస్ సిటీలో స్కూల్ బోర్డు తీసేయించింది, ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో లైబ్రరీ బోర్డు ఉన్న కాపీలు తగలబెట్టమని ఆర్డరిచ్చి తర్వాత వెనక్కి తగ్గింది. పాస్టర్ ఉద్యోగం మానేసిన జిమ్ కేసీ, ప్రార్థన అయ్యాక అమ్మాయిల్ని గడ్డిలోకి తీసుకెళ్లేవాణ్ణని మొదట్లోనే చెప్పుకుంటాడు, చర్చికి వెళ్లేవాళ్లకి అది తగులుతుంది, అర్థం చేసుకోవచ్చు. ఇక చివరి పేజీ. అది చెప్పను, చదవనివాళ్లకి పాపం. పబ్లిషర్ వైపు నుంచి పాస్కల్ కోవిచీ కూడా మార్చమని అడిగాడు, స్టైన్‌బెక్ ససేమిరా అన్నాడు. నేనైతే ఆ పేజీలో బూతు వెతికేవాడి చూపులోనే తేడా ఉందంటా.

ఓక్లహోమా వాళ్లకి వేరే కోపం, మమ్మల్ని మొరటోళ్లలా చూపించాడని. అక్కడి కాంగ్రెస్‌మన్ లైల్ బోరెన్ 1940లో సభలోనే ఇది వంకర బుర్రలో పుట్టిన అబద్ధం అని దుమ్మెత్తిపోశాడు. అదే ఏడాది ప్రెసిడెంట్ భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ క్యాంపులు స్వయంగా తిరిగి చూసి, పుస్తకంలో ఉన్నది ఎక్కువ చేసి రాసిందని తనకెప్పుడూ అనిపించలేదని విలేకరులతో అంది. ఆ ఏడాదే పులిట్జర్ ప్రైజ్ కూడా వచ్చింది, 1939లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన నవల కూడా ఇదే, మొదటి ఏడాదిలో 4 లక్షల కాపీలు దాటింది. బ్యాన్ చేసినవాళ్లు పబ్లిసిటీ ఫ్రీగా చేసిపెట్టారు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది కెర్న్ కౌంటీ లైబ్రేరియన్ గ్రెచెన్ నీఫ్. ఉద్యోగం ఆ బోర్డు చేతిలోనే, అయినా ఏబెల్‌కి ఉత్తరం రాసింది, పుస్తకాన్ని నిషేధిస్తే అందులో ఆలోచనలు చచ్చిపోవు, ఇలా మొదలుపెట్టడం చాలా ప్రమాదం అని. బోర్డు వినలేదు. ఆమె ఆర్డర్ పాటించింది, ఆ కాపీల్ని మాత్రం అటక మీద పడేయకుండా కావాలన్న వేరే ఊళ్ల లైబ్రరీలకి పంపుతానంది! బ్యాన్ 1941 జనవరి దాకా నడిచింది. ఇంకో మాట, అమెరికా లైబ్రరీల హక్కుల ప్రకటన ఈ బ్యాన్ వల్లే పుట్టిందని రాసేస్తుంటారు, అది 1939 జూన్‌లోనే వచ్చింది, కెర్న్ తీర్మానం ఆగస్టులో, కాబట్టి ఆ ముక్క నమ్మకండి.

తర్వాత కూడా అయిపోలేదు. 1980లో ఐయోవాలో కనావా అనే చిన్న ఊళ్లో ఒక పేరెంట్ కంప్లైంట్ చేస్తే క్లాసులోంచి తీసేశారు, 1991లో సౌత్ కరోలినా గ్రీన్‌విల్‌లో దేవుడి పేరు, యేసు పేరు ఊరికే వాడాడని కంప్లైంట్. అప్పటికి రేట్లూ ఓనర్లూ అందరూ మర్చిపోయారు, మిగిలింది బూతుల లెక్కే.

నవలకి 5 ఇచ్చా అని లోపాలు లేవనుకోకండి. కథ మధ్య మధ్యలో జోడ్‌లని వదిలేసి దేశం గురించి మాట్లాడే చాప్టర్లుంటాయి, కొన్ని అదుర్స్, నారింజలు ఎవరూ ఏరుకోకుండా కిరోసిన్ కొట్టే 25వ చాప్టర్ లాంటివి, కొన్ని మాత్రం ఉపన్యాసమే. ఇంకా పెద్ద కంప్లైంట్, ఆ పొలాల్లో అంతకుముందు నుంచీ పనిచేస్తున్న మెక్సికన్, ఫిలిప్పీనో కూలీలు ఇందులో దాదాపు కనపడరు, తెల్లవాళ్లకి ఆకలేస్తేనే దేశానికి నొప్పి తెలిసినట్టుంది.

చదివేవాళ్లకి: డైలాగులన్నీ ఓక్లహోమా యాసలో, స్పెల్లింగులు విరిచి రాసుంటాయి, మొదటి యాభై పేజీలు తల నొస్తుంది. డిలన్ బేకర్ చదివిన ఆడియోబుక్ పెట్టుకుని పుస్తకం ముందేసుకుంటే ఆ యాస చెవికెక్కేస్తుంది, తర్వాత ఆడియో అక్కర్లేదు. డిమాట్ ముందుమాట బాగుంది, కానీ అందులో కథ మొత్తం చెప్పేస్తాడు, దాన్ని ఆఖర్న చదవండి. ఇంటర్ చదివే పిల్లలకి ఇవ్వొచ్చా అంటే నిక్షేపంగా ఇవ్వొచ్చు, మన సినిమాల్లో వినే బూతుల్లో పావు వంతు కూడా లేవు. ఇల్లు దగ్గర్లో పుస్తకాల షాపు ఉంటే అక్కడే కొనండి, మూలలు నలగకుండా వస్తుంది.