భీమవరంలో కొలిపించిన బలం, కొలవని చురుకుదనం

కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, పదవీ విరమణ తరువాత కూడా కబడ్డీ పిల్లలను వదల్లేక సాయంత్రాలు మైదానంలోనే గడుపుతున్నవాణ్ని. ఆ పిల్లల్లో ఆరుగురిని వెంటబెట్టుకొని, చించినాడ వంతెన దాటి, భీమవరంలో ఈమధ్య తెరిచిన ఒక క్రీడా సామర్థ్య పరీక్షా కేంద్రానికి వెళ్లాను. రుసుము మనిషికి 800 రూపాయలు. జట్టుగా వచ్చామంటే 600కు ఒప్పుకున్నారు. ఆ డబ్బుకు దక్కినదేమిటో, దక్కనిదేమిటో మన ప్రాంతపు శిక్షకులకూ తల్లిదండ్రులకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది దూకు పరీక్ష. నేల మీద పరిచిన చాప లాంటి పరికరం ఎత్తును నేరుగా కొలవదు. పాదాలు గాలిలో ఉన్న కాలాన్ని పట్టుకొని, దాని వర్గాన్ని గురుత్వ త్వరణంతో గుణించి, ఎనిమిదితో భాగించి ఎత్తును చెబుతుంది. అర సెకను గాలిలో ఉంటే సుమారు 31 సెంటీమీటర్లు. మా కార్నర్ కుర్రవాడు (కబడ్డీ కోర్టులో మూలన నిలబడి కూతకు వచ్చినవాణ్ని పట్టేవాడు) మూడోసారి మోకాళ్లు ముడుచుకొని దిగాడు. పాదాలు చాపను తాకడం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైంది, అంతే, తెర మీద 37 పడింది. మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు గానీ, పరికరం దగ్గర కూర్చున్న యువకుడు నవ్వుతూనే ఆ దూకును కొట్టివేసి, నడుము మీద చేతులు పెట్టించి, కాళ్లు చాచి దిగమని చెప్పి మళ్లీ దూకించాడు. 32 వచ్చింది. అంకె పెద్దదైతే వచ్చినవాళ్లు సంతోషిస్తారని తెలిసి కూడా దాన్ని కొట్టివేయగలిగినవాడి మీద నాకు నమ్మకం కుదిరింది.

బలం పరీక్షలోనూ అదే జాగ్రత్త చూపారు. పిల్లల చేత మోయగలిగినంత గరిష్ఠ బరువు ఎత్తించకుండా, ఐదుసార్లు ఎత్తగలిగిన బరువును బట్టి ఒక్కసారికి ఎంత ఎత్తగలరో లెక్క కట్టారు: 60 కిలోలను ఐదుసార్లు ఎత్తి లేచిన కుర్రవాడికి 70 కిలోలు. ఇది అంచనాయే అయినా, పెరిగే వయసు పిల్లలకు ఈ పద్ధతే క్షేమం.

పరుగు దగ్గర తేడా వచ్చింది. బడి మైదానంలో నేను ఈల ఊది గడియారం నొక్కుతాను కనుక, ఈల విని కదలడానికి పిల్లవాడికి పట్టే సమయం కూడా అందులో కలుస్తుంది. ఇక్కడ కాంతి కిరణం దాటినప్పుడే గడియారం మొదలవుతుంది. పిల్లవాడు దానికి అర మీటరు వెనుక నుంచి బయలుదేరతాడు కనుక అప్పటికే ఊపు అందుకొని ఉంటాడు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడమే పొరపాటు. దరఖాస్తులో పాత సమయాలు అడిగితే రాసి ఇచ్చాను. నివేదికలో వాటిని కొత్తవాటితో పోల్చి, ఆరుగురి పేర్ల ఎదురుగానూ ‘మెరుగుదల’ అని ఆకుపచ్చ రంగులో అచ్చువేశారు. భీమవరం బస్సు దిగడంతోనే పిల్లలందరూ వేగం పుంజుకున్నారన్నమాట!

ఇంకొక లోపం ఇంతకంటే బాధించింది. మా జట్టులో పద్నాలుగేళ్లవాళ్లు ఇద్దరున్నారు. ఒకడికి మీసకట్టు వచ్చి, ఏడాదిలో నిక్కరు నుంచి పంచె దాకా ఎదిగాడు, రెండోవాడింకా బాలుడే. మగపిల్లల్లో ఎదుగుదల ఉధృతి, అంటే ఎత్తు అన్నిటికంటే వేగంగా పెరిగే దశ, సగటున పద్నాలుగో ఏట వస్తుంది గానీ అందరికీ ఒకేసారి రాదు. ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, బరువు, వయసు తీసుకొని ఆ ఉధృతికి పిల్లవాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేసే సూత్రాన్ని మిర్వాల్డ్ అనే పరిశోధకుడి బృందం 2002లోనే ప్రచురించింది. ఇక్కడ కూర్చోబెట్టి కొలవడానికి ఒక పీట చాలు. ఆ పని చేయకుండా ఇద్దరినీ ఒకే పట్టికలో పెట్టి, చిన్నవాడికి ‘బలహీనం’ అని రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని వాళ్ల నాన్నకు చూపించలేదు.

అసలు మేము వెళ్లింది చురుకుదనం పరీక్ష కోసం. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు స్థలంలో మధ్యన 3.3 మీటర్లకొకటి చొప్పున కోన్లు పెట్టి, బోర్లా పడుకున్న పిల్లవాణ్ని లేపి వాటి చుట్టూ తిప్పే ఇల్లినాయి పరీక్ష అది. చక్కగానే చేయించారు. అయితే షెపర్డ్, యంగ్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన సమీక్షలో చురుకుదనమంటే ఏదో ఒక ప్రేరణకు స్పందించి శరీరమంతా వేగాన్నో దిశనో మార్చుకోవడమని నిర్వచించారు. కోను ఏ ప్రేరణా ఇవ్వదు; ఎక్కడ తిరగాలో బయలుదేరక ముందే తెలుసు. కూతకు వెళ్లినవాడు ముప్పై సెకన్లలో ఏడుగురి పాదాలు చూడాలి, కార్నర్‌వాడు ఏ కాలి మీద బరువు వేశాడో పసిగట్టాలి.

ఈ మాటే చెబితే అక్కడి యువకుడు మొండికేయలేదు. ఆయనే ఎదురుగా నిలబడి, కుడికో ఎడమకో అడుగు వేస్తూ, దానికి తగ్గట్టు పిల్లలను పరుగెత్తించాడు. కోన్ల దగ్గర అందరికన్నా వెనుకబడిన మా కూతగాడు ఇక్కడ రెండో స్థానంలో నిలిచాడు. కోన్ల దగ్గర మొదటివాడు రెండుసార్లు తప్పు దిక్కుకు పోయాడు. ఒక్కరోజు పరీక్షతో ఏదీ తేలదని నాకూ తెలుసు. ఈ ఫలితం కూడా నివేదికలో వేయమంటే, “మా సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదు మాస్టారూ, కావాలంటే వెనకవైపు పెన్నుతో రాసిస్తానండి” అన్నాడు. రాసిచ్చాడు.

హాలు గోడ మీద మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ స్మాష్ వేగం, గంటకు 565 కిలోమీటర్లు, పెద్ద అక్షరాలతో ఉంది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో కొలిచిన ఆ గిన్నిస్ రికార్డు మ్యాచ్‌లో నమోదైనది కాదు, కొలవడానికే ఏర్పాటు చేసిన చోట కొట్టినది. ఆ సంగతి కూడా కింద ఒక వరుస రాస్తే పిల్లలకు బాగుండేది.

దూకు, బలం పరీక్షలకైతే నిస్సంకోచంగా వెళ్లవచ్చు. పాత సమయాలు దరఖాస్తులో రాయకండి. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలుంటే కూర్చున్న ఎత్తు కూడా కొలవమని అడిగి మరీ కొలిపించుకోండి. కోన్ల పరుగు నున్నటి టైల్స్ మీద జరుగుతుంది కనుక అడుగు పట్టున్న బూట్లు తప్పనిసరి. మా వాళ్లలో ఒకడు మూడో కోను దగ్గర జారి మోచెయ్యి గీరుకున్నాడు, వాళ్ల దగ్గర అయోడిన్ కూడా లేదు.