చెరువు కట్ట మీద టైల్సా, కట్ట కింద పార్కా, కట్ట కొసకి గ్రౌండా: ఏది మేలు?

తెలంగాణల చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైనప్పుడు పూడికతీతతో పాటు నియోజకవర్గానికి ఒక చెరువు కట్టని జనం నడిచి తిరిగేటట్టు మినీ ట్యాంక్‌బండ్ చేస్తమన్నరు కదా, అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా అదే ముచ్చట. సిద్దిపేట కోమటి చెరువు చూసొచ్చినోళ్లందరికీ తమ ఊరి కట్ట మీద కూడా టైల్సు, రెయిలింగు, రంగు లైట్లు కావాలె. అడగడంలో తప్పేం లేదు, పొద్దున నడుద్దామంటే ఊర్లో వేరే జాగా ఏది, రోడ్డెక్కితే టిప్పర్లు. కాకపోతే ఎక్కడ కట్టాలె అన్న దగ్గర మాత్రం మూడు రకాల మాటలు వినపడతయ్. ఒకటి కట్ట మీదనే అంతా చేసేద్దాం. రెండోది కట్ట కింద ఆయకట్టు వైపు ఖాళీ జాగాల పార్కు పెడదాం. మూడోది కట్టని మట్టి బాటగనే ఉంచి, కట్ట పోయి గట్టుకి కలిసే కొసకి ఎత్తు నేల మీద గ్రౌండు, బెంచీలు, బతుకమ్మలని నీళ్లల వదిలే ఘాటు పెట్టుకుందాం. నా ఓటు మూడోదానికే, ఎందుకో చెప్త.

ముందు ఒకటి గుర్తుంచుకోవాలె, మన చెరువు కట్ట రోడ్డు కాదు, అది మట్టి డ్యామ్. మట్టి డ్యామ్ పోయేది ఎక్కువగా రెండు దారుల్ల. ఒకటి, మత్తడి, అంటే చెరువు నిండినంక మిగిలిన నీళ్లు బయటికి పోయే అలుగు, దాని నుంచి పోయే నీళ్ల కంటే వచ్చే వరద ఎక్కువై కట్ట మీదికెల్లి పొర్లడం, పొర్లిందంటే కింది వాలు కోసుకుపోతది, ఇంక ఆపేటోడు లేడు. రెండోది లోపలికెల్లి బుంగ పడటం. ఎండ్రకాయ బొర్రలో, పందికొక్కు బొర్రలో, ఎండిపోయిన చెట్టు వేరు కుళ్లి మిగిలిన సందులో ఏదో ఒకటి నీళ్లకి దారి ఇస్తది, నీళ్లు ఆ దారెంట కొంచెం కొంచెం మట్టి తీసుకపోతయ్, దారి పెద్దగయితది. 2024 జూలైల అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టి కట్ట వరదకి తెగి కింద ఆంధ్ర వైపు ఊర్లు మునిగినయ్. 2021 నవంబర్ల తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకి లీకు పడితే ఊర్లకి ఊర్లు ఖాళీ చేయించి ఇసుక బస్తాలు వేసిండ్రు. ఇదేం కొత్త భయం కాదు, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, చెరువుకి ఉండే దోషాలు ఆరు చెప్తే అందుల మొదటిదే కట్టలకెల్లి నీళ్లు ఊరడం.

ఇప్పుడు మొదటి ప్లాన్, కట్ట మీదనే అంతా. దీనికి లాభం లేదని అనను. కట్ట వెడల్పయితది, సర్కారు తుమ్మ పోతది, పాములు తగ్గుతయ్, అన్నిటికంటే మంచిదేందంటే రోజూ వంద మంది నడుస్తుంటే ఎక్కడన్న కుంగినా తడిసినా ఎవరో ఒకరు చూస్తరు. ముళ్లకంప నిండిన కట్ట కంటే మనుషులు తిరిగే కట్ట నూరుపాళ్లు నయం. కానీ చేసే పద్ధతే చెడగొడుతున్నది. పైన పేవర్ టైల్సు పరిచినంక కింద పగులు వచ్చినా కనపడదు, పగులు కనపడటమే కదా మనకి కావాల్సింది. లైటు స్తంభాలకని కొన్ని అడుగులకో గుంత, కేబుల్ కోసం కట్ట పొడుగూతా కాలువ, తీసిన మట్టిని మళ్లీ దొబ్బేసి పైన సిమెంటు, ఎవరూ రోలర్ పెట్టి తొక్కించరు, వాన పడితే ఆ కాలువలనే నీళ్లు దిగుతయ్. తర్వాత అందం కోసం మొక్కలు, అదీ ఎట్లాంటియ్, తొందరగ పెరుగుతదని కోనోకార్పస్ తెచ్చి వరసగ పెట్టుడు, ఆ వేర్లు పైపులనే వదలయ్ ఇంక మట్టి కట్టని వదులుతయా. కట్ట మీద ఉండాల్సింది గడ్డి, పెద్ద చెట్టు కాదు. పైగా కింది వాలుని కోసి మెట్లు కట్టుడు ఇంకోటి, వాలు సన్నబడితే కట్ట బలం తగ్గుతదని ఏ కాంట్రాక్టర్‌కి చెప్పినా నవ్వుతడు. వరంగల్ భద్రకాళి చెరువు చూడండి, బండ్ ఎంత అందంగ తయారు చేసినా 2023 జూలై చివర్ల వానలకి అదే చెరువుకి పోతననగర్ వైపు గండి పడి ఇసుక బస్తాలు వేయాల్సి వచ్చింది. పైపై సోకు వేరు, కట్ట పదిలం వేరు.

రెండో ప్లాన్, కట్ట కింద పార్కు. ఇది అగ్గువ, గ్రామ కంఠం జాగా దొరకుతది, నీడుంటది, గడ్డి పచ్చగ ఉంటది. అంత పచ్చగ ఎందుకుంటది అని ఒక్కరన్న అడగరు, కట్టలకెల్లి వచ్చే ఊట నీళ్లే కారణం. ఊట ఉండటం తప్పు కాదు, ప్రతి మట్టి కట్టకి కొంత ఉంటది, తేటగ వస్తే పరవాలే, బురదగ వచ్చిందంటే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. అందుకే కట్ట అడుగు ఎప్పుడూ కండ్ల ముందుండాలె. అక్కడ మట్టి పోసి లాన్ వేసి, గోడ కట్టి, ఓపెన్ జిమ్ పెడితే ఏది ఊట నీళ్లో ఏది పైపు నీళ్లో తెలవదు. నీళ్ల కోసమని అక్కడనే బోరు, సంపు గుంత అంటే ఇంకా ఘోరం. అదీగాక పిల్లలు ఆడుకునే జాగా చెరువుకి సరిగ్గ కింద ఉంటది, 2005 అక్టోబర్ల వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ పడిపోయిన రోజు గుర్తుందా, పైన చెరువు తెగిన నీళ్లే రైలు వంతెనని కొట్టుకపోయినయ్, వందకి పైగ ప్రాణాలు పోయినయ్. తెగిన కట్ట టైమ్ ఇయ్యదు. ఈ ప్లాన్‌కి నేనయితే సున్నా మార్కులు వేస్త.

మూడోది, కొసకి గ్రౌండు. దీనికీ ఇబ్బందులున్నయ్, ఊరికి కొంచెం దూరం, సాయంత్రం ఆడోళ్లు పోవాలంటే దారిల లైట్లుండాలె, కట్ట మీద నిలబడితే వచ్చే గాలి అక్కడ రాదు. ఇంకో చిక్కు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తయో ఆ ఎఫ్‌టీఎల్ గీత దాటి లోపల మట్టి పోసి చదును చేస్తే మన చెరువుని మనమే కబ్జా చేసినట్టు, రైతులు, బెస్తోళ్లు ఇద్దరూ కొట్లాటకొస్తరు, వాళ్లు చెప్పేది రైటే. కాబట్టి గీతకి పైన, సహజంగ ఎత్తున్న నేలనే చూసుకోవాలె. ఆ ఒక్కటి కుదిరితే ఇంక దేనికీ కట్టని తవ్వే పని లేదు, ఎన్ని స్తంభాలన్న పాతుకోవచ్చు, కారు పార్కింగు, మిర్చీ బండి అన్నీ అక్కడనే. లక్నవరం పోయినోళ్లు చూసే ఉంటరు, జనం ఎగబడేది వేలాడే వంతెనకి, దీవులకి, కాకతీయుల కట్ట మీద టైల్సు చూడటానికి ఎవరూ పోరు. వాకింగ్ అంటరా, కట్ట మీద మొరం వేసి తొక్కించిన బాట చాలు, మోకాళ్లకి టైల్సు కంటే అదే హాయి.

మత్తడి గురించి వేరేగ చెప్పాలె, ఎందుకంటే ఏ ప్లాన్ వేసినా వానాకాలంల జనం పోయేది అక్కడికే. చెరువు మత్తడి దూకిందంటే ఊరంతా పండగ, సెల్ఫీలు, పిల్లల్ని తీసుకపోయి నీళ్లల నిలబెట్టుడు. మత్తడి రాళ్ల మీద పాకురుంటది, కాలు జారితే నీళ్లు లాక్కుపోయి కింది బండలకి కొడతయ్. చేపలు పోకుండ కట్టిన జాలీలు ఇంకో సమస్య, చెత్త వచ్చి అడ్డం పడితే మత్తడి పారేది తగ్గి ఆ నీళ్లు కట్ట మీదికొస్తయ్. నీళ్లు ఇంకో జానెడు నిలవాలని మత్తడి మీద బస్తాలు పేర్చే రైతులకి కూడా ఇదే చెప్పాలె. ఈత సంగతి, పొలాలకి నీళ్లు వదిలే తూము తెరిచినప్పుడు దాని దగ్గర దిగొద్దు, గుంజుకుంటది. పూడిక, మొరం తీసిన గుంతలు నీళ్లల కనపడవు, మోకాళ్ల లోతు అనుకున్నకాడ నిలువు లోతుంటది, అందుకే బతుకమ్మలకి, గణేశులకి ఘాటు కట్టేముందు ఎండాకాలంల అడుగు చూసి గుంతలు పూడ్చాలె.

బోటింగ్ కూడా కావాలంటున్నరు కొందరు. చిన్న చెరువుల మార్చి దాటితే నీళ్లే ఉండవు, బోట్లు బురదల పడుంటయ్. 2019 సెప్టెంబర్ల గోదావరిల కచ్చులూరు దగ్గర అంత పెద్ద బోటే మునిగింది, ఊరి చెరువుల లైఫ్ జాకెట్ వేసుకోమని ఎవడు నిలబడి చెప్తడు. నాకయితే అనవసరం ఖర్చు.

డబ్బులు ఎంతొచ్చినా ముందు పోవాల్సింది మత్తడి రిపేరుకి, తూము షట్టర్‌కి, నీళ్ల వైపు జారిపోయిన రాతి కట్టుడికి, మిగిలితేనే బెంచీలు. పైనుంచి ఎవరో వచ్చి చెక్ చేస్తరని కూడా అనుకోవద్దు, 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకి, 10 నుంచి 15 మీటర్ల మధ్యల కొన్ని షరతులకి సరిపోయేవాటికి మాత్రమే, మన ఊరి కట్టలు చాలావరకు అందులకి రావు. మనకున్నది చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఒక్కడే, ఆయనకి టార్చిలైటు, రెయిన్‌కోటు, నెలకి సరైన జీతం ఇస్తే సగం సేఫ్టీ అదే. మత్తడి పారేటప్పుడు మత్తడి వైపు దారికి గొలుసు వేసి తాళం కూడా ఆయన చేతికే ఇయ్యాలె, సర్పంచ్ ఫోన్ చేసినా తియ్యొద్దని గ్రామసభల అందరి ముందట చెప్పి.

రెయిలింగు లేకపోతే పిల్లలు పడతరు అనేటోళ్లకి ఒక మాట, నీళ్ల వైపు రాళ్లు ఎత్తుగ పేర్చి మోకాలెత్తు గట్టు పెడితే చాలు, అది తవ్వకుండనే అయితది. లైట్లు తప్పదంటే సోలార్‌వి తెచ్చి కట్ట రెండు కొసలకి పెట్టుకుందాం, నడిమిట్ల గుంతలు మాత్రం వద్దు.